పల్లెలో శిస్తు లెక్క: గోలకొండ గుత్త నుండి పహాణి వరకు

జమ, వసూలు, బాకీ, రసీదు, కిస్తీ, తహసీలు, పహాణి, బంజరు, కౌలు – ఈ మాటలెరుగని పంచాయతీ సభ్యుడు మన తెలంగాణములో ఉండడు. నాగలి పట్టిన రైతును, బడి మొగమెరుగని ముసలమ్మయు "బాకీ తీరలేదు", "చెలక కౌలుకిచ్చినాను" అని సహజముగా పలుకుదురు. కాని వీటిలో ఒక్కటియు అచ్చ తెలుగుమాట కాదు. చాలవరకు అరబ్బీ, పారసీ మాటలు. కొన్ని మరాఠీ, హిందీ మాటలు. పహాణి యనగా మరాఠీలో చూచుట, తనిఖీ చేయుట అని అర్థము.

ఈ మాటలను ఏ కవియో గ్రంథములలో వ్రాయగా మన యూళ్లవారు నేర్చుకొనలేదు. శిస్తు వసూలునకు వచ్చినవారి వెంట, వారి లెక్కల బస్తాలలో ఇవి పల్లెకు వచ్చినవి. దొరలు పోయిరి, గుర్రములు పోయినవి, మాటలు మాత్రము నిలిచినవి. ఒక్కొక్క మాటను విప్పి చూచినచో నాలుగు వందల ఏండ్లుగా పల్లెకును ప్రభుత్వమునకును నడుమ జరిగిన వ్యవహారమంతయు అందులో కనిపించును. గ్రామపంచాయతీ తానే పన్ను విధించి తానే వసూలు చేయుచున్న ఈ దినములలో ఆ పాత వ్యవహారమును తెలిసికొనుట పనికిమాలిన చరిత్ర పఠనము కాదని మేము తలచుచున్నాము.

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలములోని చంద్లాపూర్‌ను ఉదాహరణముగా తీసికొందము. నేడు ఈ ఊరి పేరు రంగనాయకసాగర్ మూలమున నలుదిక్కుల తెలిసినది. కాళేశ్వరము ఎత్తిపోతల పథకములో భాగముగ కట్టబడి, 3 టి.ఎం.సి.ల నీరు పట్టగల ఈ జలాశయములోనికి 2020 ఏప్రిల్ నెలలో గోదావరి నీరు వదలబడినది. అంతకు మునుపు ఈ ప్రాంతపు సేద్యమంతయు వానమీదను, బావులమీదను, చెరువు కుంటలమీదను ఆధారపడినట్టిదే. ఈ సీమ కుతుబ్‌షాహీల నాడు గోలకొండ రాజ్యములోను, 1687 తరువాత మొగలుల హైదరాబాదు సుబాలోను, 1724 తరువాత నిజాముల ఏలుబడిలోను నుండెను. 1948 పిమ్మట భారత ప్రభుత్వ పాలనలోనికి వచ్చినది. 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలోని గ్రామము.

ఏలికలు మారినను వారి చిక్కు మారలేదు. రాజు గోలకొండలోనో ఢిల్లీలోనో కూర్చుండును. పంట చంద్లాపూరు చెలకలో పండును. ఎంత భూమి సాగైనది, అందులో ఏమి వేసిరి, ఎన్ని పుట్లు పండెను అను సంగతి రాజు కంటికి కనబడదు. ఆ దూరమును పూరించునది లెక్క. లెక్కను ఎవరు వ్రాసిరి, ఎవరు సరిచూచిరి, ఎవరికి చదివి వినిపించిరి అనుదాని మీదనే రైతు బ్రతుకు నిలిచియుండెను.

గుత్తకు పోయిన శిస్తు

గోలకొండ సుల్తానులు ఆ శ్రమను తప్పించుకొనుటకు సులభమైన ఉపాయమునెంచుకొనిరి. భూమి కొలువలేదు, పంట చూడలేదు. ఫలానా సీమలో శిస్తు వసూలు చేసికొను హక్కును ఏటేట పాటపెట్టి, ఎక్కువ పాడినవానికి ఇచ్చిరి. దీనికే ఇజారా యని పేరు. పాడినవాడు తన సీమను చిన్న చిన్న తునకలుగ చేసి తన క్రిందివారికి గుత్తకిచ్చును. వారు గ్రామములవారీగా మరల ఇత్తురు. ప్రతి మెట్టునను కొంత లాభము తీసికొనవలెను గదా! ఆ లాభములన్నియు చివరకు చెలకలో నున్నవాని నెత్తిననే పడును.

1618 మొదలు 1622 వరకు మచిలీపట్నములో ఇంగ్లీషు వర్తక సంఘమున ఉద్యోగము చేసిన విలియమ్ మెథ్‌వల్డ్ ఈ పద్ధతిని కన్నులార చూచి వ్రాసినాడు. పాడిన మొత్తమును పూర్తిగ చెల్లింపలేని అధికారిని బెత్తములతో వీపుమీద, పొట్టమీద, అరికాళ్లమీద కొట్టించెడివారట. ఆ దెబ్బలకు ప్రాణము విడిచినవారును కలరు. పైవాడు తప్పినచో శిక్ష ఇట్టిదైనపుడు, క్రిందివానిపట్ల అతడు చూపు కనికరమెంతయో సభ్యులు ఊహించుకొనవచ్చును.

సుల్తానుల పక్షమునను చెప్పవలసినది కొంత కలదు. గుత్తపద్ధతిలో ఖజానాకు రావలసిన సొమ్ము ముందుగనే తెలిసిపోవును. కొలతగాండ్రకు, గుమాస్తాలకు జీతము లివ్వనక్కరలేదు. పంట పోయినచో నష్టము గుత్తదారునిది. కాబట్టియే ఈ పద్ధతి మన దేశములోనే గాక తురుష్క సామ్రాజ్యములోను వ్యాపించెను. అయితే ఒక్క ఏడాదికి గుత్త పట్టినవానికి వచ్చు ఏటి పంటతో పనిలేదు. చెరువు కట్టకు గండి పడినచో వచ్చు ఏడు మరియొకడు బాధపడును, ఇతడెందుకు పూడ్పించును? ఈ తెగులును గుర్తించియే తురుష్కులు 1695లో గుత్తలను జీవితాంతము ఇచ్చు పద్ధతిని తెచ్చిరి. తన బ్రతుకున్నంతకాలము తనదే యైనచో రైతును కాపాడుకొనునని వారి ఆశ. తెగులునకు మందు తెలిసినది గాని, వ్రేళ్లు మాత్రము పోలేదు.

గుత్తలెన్ని చేతులు మారినను ఊరిలో మారనివారు కొందరుండిరి. పరగణాకు దేశముఖు, దేశపాండ్యా. ఊరికి పటేలు, పట్వారీ. వీరు వంశపారంపర్యపువారు. ఏ పొలము ఎవరిది, ఏ బావి క్రింద ఎంత తడి యగును అను సంగతి వీరి బుర్రలలోను, వీరి కాగితములలోను ఉండెను. సుల్తాను మారినను మొగలాయీ వచ్చినను వీరి గుమ్మము త్రొక్కక శిస్తు వసూలగుట దుర్లభము. లెక్క తెలిసినవాని విలువ ఆనాడు ఎంతటిదో మాదన్న చరిత్రయే చెప్పును. సయ్యద్ ముజఫరు కొలువులో లెక్కలు చూచు ఉద్యోగియైన మాదన్న 1674 నాటికి తానాషా ప్రభుత్వమునకే ప్రధానియయ్యెను. 1686లో మాదన్న హత్య చేయబడెను. మరుసటి ఏడు గోలకొండ కోట ఔరంగజేబు వశమయ్యెను.

గెలిచిన మొగలులు ఈ రాజ్యమంతయు కొత్తగా కొలిపింపలేదు. కుతుబ్‌షాహీ దఫ్తరములలోని అంకెలనే తమ అంకెలుగ స్వీకరించి, దేశముఖులను దేశపాండ్యాలను వారి వారి స్థానములలో నిలిపి, రాజ్యమును సర్కారులుగ, పరగణాలుగ ఏర్పరచుకొనిరి. కోస్తా జిల్లాలను నేటికిని సర్కారు జిల్లాలనుట ఆ ఏర్పాటు గుర్తే.

తాడును వెదురుగడయు

మొగలులకు వేరొక పద్ధతి తెలియకపోలేదు. ఉత్తరదేశములో అక్బరు చక్రవర్తి కాలమున రాజా తోడర్‌మల్ శిస్తును గుత్తనుండి తప్పించి కొలతమీద నిలిపెను. 1580లో స్థిరపడిన ఈ ఏర్పాటునకు దహ్‌సాలా, అనగా పదేండ్ల పద్ధతి యని పేరు. పదేండ్ల దిగుబడులను ధరలను సరాసరి తీసి, ఒక్కొక్క పంటకు బీగాకు ఇంత రొక్కమని ముందే ప్రకటించిరి.

మొదట కొలతకు జనపతాడు వాడెడివారు. తాడునకు ఒక గుణము కలదు: తడిసినచో కురచయగును, ఎండినచో సాగును. మంచు కురిసిన ఉదయమున కొలిచినచో పొలము పెద్దదగును, శిస్తును పెరుగును. ఇది కొలత గాండ్రకు ఎంత ఆదాయకరమైన గుణమో చెప్పనక్కరలేదు. తోడర్‌మల్ నాటి సంస్కరణలో ఈ తాడు పోయి, ఇనుపకడియములతో సంధించిన వెదురుగడలు వచ్చినవి. వెదురు తడికి ముడుచుకొనదు. రైతునకు జరిగిన మేలును ఫర్మానాలలో వెదకువారు ఈ వెదురుగడను మరువరాదు.

పిమ్మట భూమిని సాగును బట్టి విభజించిరి. ఏటేట సాగగునది పోలజ్. కొంతకాలము బీడుపెట్టి మరల సాగు చేయునది పరౌతీ. మూడు నాలుగేండ్లు బీడుపడినది చాచర్. అయిదేండ్లు, అంతకు మించి పడావుగ నున్నది బంజరు. మన రికార్డులలోని బంజరు మాటయు ఇదియే. బీడు తీసి సాగులోనికి తెచ్చిన భూమికి మొదటి ఏండ్లలో శిస్తు తక్కువ. ఏటేట పెంచుచు పూర్తి రేటునకు తెత్తురు.

శిస్తు లెక్క ఎట్లు వేసిరో అబుల్ ఫజల్ ఐనె అక్బరీలో అంకెలతో సహా వ్రాసినాడు. గోధుమను చూడుడు. అక్బరు నాటి మణుగునకు 40 సేర్లు. బీగాకు మంచి నేలలో 18 మణుగులు, మధ్యరకములో 12 మణుగులు, తక్కువరకములో 8 మణుగుల 35 సేర్లు పండునని నిర్ణయించిరి. మూటిని కలిపి మూట భాగించినచో సరాసరి రమారమి 12 మణుగుల 38 సేర్లు. అందు మూడవ వంతు, అనగా 4 మణుగుల 12 సేర్ల పైచిలుకు సర్కారు పాలు. దానిని ధరకట్టి రొక్కముగ మార్చిరి.

లెక్క చక్కగనే యున్నది. కాని సభ్యులు కాగితము పెన్సిలు తీసికొని మరియొకమారు వేసి చూడవలెను. సరాసరి రేటు అందరికిని ఒక్కటే. మంచి నేల రైతు 720 సేర్లు పండించి సుమారు 173 సేర్లకు సరిపడు రొక్కమిచ్చును. అది నాలుగవ వంతుకు లోపే. తక్కువరకము నేల రైతు 355 సేర్లు పండించి ఆ 173 సేర్ల రొక్కమునే ఇచ్చును. అది ఇంచుమించు సగము. మూడవ వంతు మాత్రమే తీసికొందుమని ప్రకటించిన ప్రభుత్వము, తాను ఉద్దేశింపకయే, బక్క నేల రైతు వద్ద సగము తీసికొనెను. సరాసరి యను మాట చల్లగా వినిపించును గాని, ఆ చల్లదనము అందరికిని సమముగ దక్కదు. పన్ను నిర్ణయించు ఏ సభయైనను ఈ గోధుమ లెక్కను ఒకసారి చూచుట మంచిది.

పంట చెడిపోయిన విస్తీర్ణమును కొలతలోనుండి తీసివేయుట, విత్తనములకు ఎద్దులకు తక్కావి ఋణములిచ్చుట, రైతునకు ఇంత భూమికి ఇంత శిస్తని వ్రాసిన పట్టా చేతికిచ్చి అతనినుండి కబూలియత్ అను ఒప్పుదల తీసికొనుట – ఇవియు ఆ కాలమునాటి ఏర్పాట్లే. పట్టా యనగా భూమి హక్కుపత్రమని నేడు మనము తలచుచున్నాము. ఆనాడది మొదట శిస్తు ఎంతయో తెలుపు కాగితము. ఎంత కట్టవలెనో వ్రాసియిచ్చిన కాగితమే కాలక్రమమున ఎవరిదో చెప్పు కాగితమయ్యెను. ఈ సంగతి ముందు మరల వచ్చును.

ఫసలీ యను సంవత్సరము పుట్టుకయు ఇక్కడనే. హిజరీ సంవత్సరము చంద్రుని బట్టి నడచును. సౌరమానముకంటె సుమారు 11 రోజులు తక్కువ. కోతలు మాత్రము సూర్యుని బట్టి వచ్చును. సూర్యుని లెక్కలో 32 ఏండ్లు గడుచునప్పటికి చంద్రుని లెక్కలో 33 ఏండ్లగును. హిజరీ ప్రకారము శిస్తు అడిగినచో రైతు 32 పంటలు తీసి 33 శిస్తులు కట్టవలెను! పండని పంటకు శిస్తు కట్టు ఈ అన్యాయమును తప్పించుటకే అక్బరు పంటలననుసరించు ఫసలీ లెక్కను తెచ్చెను. ఫసల్ అనగా పంట. షాజహాను కాలమున ఇది దక్కనుకు వచ్చెను. మన రెవెన్యూ కాగితములలో ఫసలీ కనబడినచో 590 కలిపి చూచుకొనవచ్చును: ఫసలీ 1364 అనగా 1954-55. ఖరీఫ్, రబీ అనునవియు ఆ దఫ్తరపు మాటలే. అరబ్బీలో మొదటిది శరత్తు, రెండవది వసంతము.

మాట ఇచ్చుటయే కౌలు

ఉత్తరమున సాగిన కొలత దక్కనులో వెంటనే సాగలేదు. ఇచ్చట రైతు నాగటికింతయని కట్టెడివాడు. భూమి ఎంతయో పంట ఎంతయో అడుగువాడు లేడు. 1630-32 సంవత్సరముల ఘోరమైన కరువులో దక్కను పల్లెలు పాడుపడెను. ఆనాడు భూమికి కొదువ లేదు, దున్నువానికే కొదువ. బాధ మితిమీరినచో రైతు ఎడ్లను తోలుకొని పొరుగు పరగణాకు వెళ్లిపోవును. అతని చేతిలోని ఆయుధము అదొక్కటే; ఏలికలు ఎక్కువగా భయపడినదియు దానికే.

1650 తరువాత ఔరంగజేబు దక్కను సుబేదారుగ నున్నప్పుడు దివానుగ పనిచేసిన ముర్షిద్ కులీఖాను ఈ స్థితిని చక్కదిద్దెను. బంగాళములోని ముర్షిద్ కులీఖాను వేరు, ఇతడు వేరు. ఇతడు తోడర్‌మల్ పద్ధతిని తెచ్చి దక్కను మీద రుద్దలేదు. వెనుకబడిన తావులలో నాగటి శిస్తునే ఉంచెను; కొన్ని తావులలో పంట పంచుకొను బటాయిని, కొన్ని తావులలో కొలతను పెట్టెను. బటాయిలో అతడు నిర్ణయించిన పాళ్లు గమనింపదగినవి. వానపంటలో సర్కారుకు సగము; బావి క్రింద పంటలో మూడవ వంతు; చెరకు, ద్రాక్ష వంటి వానిలో నాలుగవ వంతు మొదలు తొమ్మిదవ వంతు వరకు. ఎక్కువ పండు చోట తక్కువ పాలేమని సందేహము కలుగవచ్చును. బావి త్రవ్వినవాడు రైతు, మోట తోలినవాడు రైతు. వాన పంపినవాడు దేవుడు. రైతు చేతి ఖర్చు పెరిగినకొలది సర్కారు పాలు తగ్గవలెనని అతని న్యాయము. బావి సేద్యమునకు పేరుపడిన సీమలోని సభ్యులు ఈ న్యాయమును మెచ్చుకొనక మానరు. కొలత సరిగ జరుగుటకై దివాను తానే తాడు కొస పట్టుకొని నిలిచెడివాడని చెప్పుదురు. అప్పటికి గోలకొండ స్వతంత్రముగ నున్నందున ఈ ఏర్పాటు చంద్లాపూరు సీమకు రాలేదు; మొగలుల చేతిలోని ఖాందేశు, బీరారు, దౌలతాబాదు ప్రాంతములకే పరిమితమయ్యెను.

పాడుపడిన ఊరికి రైతులను మరల రప్పించుటకు దక్కనులో ఇచ్చెడి పత్రమునకు కౌలు అని పేరు. ఖౌల్ అనగా మాట, వాగ్దానము. "మొదటి ఏడు ఇంత తక్కువ, రెండవ ఏడు ఇంత, ఇన్నవ ఏటికి పూర్తి శిస్తు, అంతకు మించి అడుగము" అని సర్కారు రైతునకు ఇచ్చిన మాట. నేడు కౌలు అనగా భూమిలేనివాడు భూమిగలవానికి ఇచ్చు పైకమైనది. మాట ఇచ్చువాడెవరో పుచ్చుకొనువాడెవరో తారుమారైనది!

1665లో ఔరంగజేబు రసిక్‌దాసు అను దివానునకు పంపిన ఫర్మానాలో ఇట్టి లోపమునే ఎత్తి చూపెను. అమీనులు ఊరి మొత్తమునకు శిస్తు కట్టి, ఒక్కొక్క రైతు స్థితిని చూచుటలేదనియు, రైతువారీగ లెక్క తేవలెననియు ఆజ్ఞాపించెను. ఫర్మానా వ్రాయుట వేరు, ఊరిలో జరుగుట వేరు. ఊరి మొత్తమును తలవారీగ పంచునది పటేలే. తన చుట్టమునకు తక్కువ, నోరులేనివానికి ఎక్కువ పంచినచో అడుగువాడెవడు?

ఇదే కాలమున ఇతర దేశములలోను కొలతలు జరిగినవి. తోడర్‌మల్ పదేండ్ల లెక్క కట్టుచున్ననాడే చైనాలో ప్రధాని చాంగ్ జుజెంగ్ దేశమంతయు భూమిని కొలిపించెను. 1582 నుండి జపానులో హిదెయోషి ప్రతి ఊరి పొలమును కొలిచి, ఊరి దిగుబడిని బియ్యపు కొలతలో వ్రాయించెను. అచ్చట క్షేత్రపు కొలమానమునే 360 భాగములనుండి 300 భాగములకు తగ్గించిరి. భూమి అంగుళము పెరుగలేదు; లెక్కలో మాత్రము పెరిగినది. మన తడితాడునకు అది జపాను తోబుట్టువు. తురుష్కులు జత ఎద్దులు దున్నగల కమతమును ఒక లెక్కగ పట్టి శిస్తు వేసిరి. అది మన నాగటి శిస్తు వంటిదే. ఒకరినొకరు ఎరుగని ఏలికలు ఇంచుమించు ఒకే తీరున ఆలోచించుట వింతయే గాని, కనబడని పంటను లెక్కించు ఉపాయములు లోకములో నాలుగైదుకంటె లేవు.

రాశిమీది ముద్ర

ఇక హైదరాబాదు రాజ్యమునకు వత్తము. మన తరి భూములలో, అనగా చెరువు క్రింది వరిపొలములలో, చాలకాలము బటాయియే నడచెను. వడ్లు కళ్లములో రాశిపోసి, అధికారి వచ్చి చూచువరకు రైతు ముట్టరాదు. రాశిమీద మట్టితోనో బూడిదతోనో ముద్రలు వేయుదురు. ముద్ర చెదరినచో దొంగతనము. ఊరి చేతిపనివారికి, నీరటికి, కావలికారునకు మేరలు కొలిచి, పిమ్మట సర్కారు పాలు, రైతు పాలు పంచుదురు. పండినదానిలోనే పాలు గనుక, కరువు వచ్చినచో సర్కారును రైతును కలిసి నష్టపోదురు. అది బటాయిలోని మేలు. కాని అధికారి రాక ఆలస్యమై వాన కురిసినచో రాశి మొలకెత్తును. అధికారి త్వరగ వచ్చుటకు ఏమి చేయవలెనో ఊరివారికి తెలియును. అది కీడు.

పందొమ్మిదవ శతాబ్ది మొదటి సగములో చందూలాలు పెత్తనమున గోలకొండనాటి గుత్తయే మరల విజృంభించెను. అప్పులపాలైన సర్కారు తాలూకాలను ఋణదాతలకు, గుత్తదార్లకు అప్పగించెను. 1820 తరువాత మెట్‌కాఫ్ రెసిడెంటుగ నున్నపుడు ఇంగ్లీషు ఉద్యోగులు గ్రామములవారీగ శిస్తు నిర్ణయించిరి. 1829లో కొత్త నిజాము నాసిరుద్దౌలా వారిని తొలగింపగోరుటతో ఆ ఏర్పాటును పోయెను.

1853లో దివానైన మొదటి సాలార్‌జంగు గుత్తను తీసివేసి జీతగాండ్రయిన తాలూకాదారులను నియమించెను. 1865లో జిల్లాబందీ జరిగెను. ధాన్యపు పంపకమునకు బదులు రొక్కపు శిస్తు వచ్చెను. 1875 నుండి బొంబాయి పద్ధతి ననుసరించి సర్వే ఆరంభమయ్యెను. ప్రతి పొలమునకు నెంబరు, ప్రతి నెంబరునకు విస్తీర్ణము. నేల గుణము రూపాయికి 16 ఆనాల లెక్కన. తరి, ఖుష్కి, బాఘాత్ అని విభజన. సేత్వార్ అను రికార్డు ఈ సర్వేలో పుట్టినదే. గోధుమ లెక్కలోని సరాసరి అన్యాయమునకు ఇచ్చట కొంత విరుగుడు దొరికినది. బక్క నేలకు ఆనాలు తక్కువ, శిస్తు తక్కువ.

అయితే సర్వే చేసినవారు ఊరికి క్రొత్తవారు. ఈ నెంబరు ఎవరిదని వారు అడుగవలసినది దేశముఖునే, పట్వారీనే. వసూలు పని పోయినందుకు దేశముఖులకు రుసుములు ముట్టినవి. అంతటితో ఆగక చాలచోట్ల ఊరి మంచి భూములు వారి పేరనే పట్టా అయినవి. తరతరములుగ దున్నినవాడు ఒక్క గీతతో కౌలుదారుడైనాడు. శిస్తు కట్టుటకు వ్రాసిన కాగితము హక్కు చెప్పు కాగితమైనదని పైన చెప్పితిమి; దాని ఫలితమిది. మరియు ఈ సర్వే సరిగ చేరినది దివానీ గ్రామములకే. రాజ్యములో సుమారు 60 పాళ్లు దివానీ కాగా, మిగిలినది జాగీర్లు, నిజాము సొంత సర్ఫెఖాసు. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటమునకు వెట్టితోపాటు ఈ భూముల వ్రాతయు కారణమయ్యెను.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదార్లను గుర్తించెను. 1954-55లో ఊరూర వాస్తవ సాగును చూచి ఖాస్రా పహాణి వ్రాసిరి. భూమి తగాదా వచ్చినచో నేటికిని వకీళ్లు మొదట వెదకునది ఆ పహాణియే. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ పోయినది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు పోయినవి. అదే ఏడు వచ్చిన ధరణి స్థానమున 2025లో భూభారతి వచ్చినది, గ్రామ పాలనాధికారులు వచ్చిరి. వ్రాయు చేయి మారుచున్నది. వ్రాతలోని పేరు తప్పినచో కలుగు నష్టము మాత్రము మారలేదు. ఆనాడు పొరపాటు వ్రాతకు ఎక్కువ శిస్తు కట్టవలసివచ్చెడిది. ఈనాడు బ్యాంకు ఋణము, పంట సహాయము ఆగిపోవును. జలాశయమునకో, రోడ్డునకో భూమి పోయినచో పరిహారము ఎవరి పేర వచ్చునో నిర్ణయించునదియు ఆ వరుసయే. రంగనాయకసాగర్ ఒడ్డున నున్న గ్రామములవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

గ్రామపంచాయతీ విషయము వేరని సభ్యులు అనవచ్చును. భూమి శిస్తు మన చేతిలోనిది కాదు, నిజమే. కాని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము క్రింద ఇంటిపన్ను విధించునది పంచాయతీయే. ఇల్లు కొలుచువారు మనవారే, జాబితా వ్రాయువారు మనవారే. పక్కా డాబాకు, రేకుల ఇంటికి ఒకే సరాసరి వేసినచో అది గోధుమ లెక్కయగును. వసూలు చేసి రసీదు ఇవ్వనిచో అది మెథ్‌వల్డ్ చూచిన గుత్తయగును. ఎవరి పేర ఎంత బాకీ కలదో గ్రామసభలో చదివి వినిపించినచో, పటేలు ఇంటిలో మూతపడియున్న లెక్క చావడి ముంగిటికి వచ్చినట్లగును. పన్ను పుస్తకములో జమ, వసూలు, బాకీ అను మూడు గళ్లు మొగలుల దఫ్తరములోను ఉండెను. ఇంటి యజమాని వచ్చి తన పేరెదుట ఆ మూడు గళ్లను చూచుకొను వీలు ఆ దఫ్తరములో లేదు. పంచాయతీ కార్యాలయములో కలదు. పనిదినమున ఎవరు వచ్చి అడిగినను పుస్తకము తెరచి చూపవలెను.